సున్నం చుక్కల లెక్క

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున మా చిన్నమ్మాయి ఇంటర్ లెక్కల పుస్తకం తెచ్చి, నేను చదువుకుంటున్న పేపరు మీద పెట్టింది. సంభావ్యత పాఠం. ఒక ఫ్యాక్టరీలో మూడు యంత్రాలు బోల్టులు చేస్తుంటాయి. ఏది ఎన్ని చేస్తుందో, అందులో ఎన్ని పాడవుతాయో ఇస్తారు. తీసిన బోల్టు చెడ్డదైతే, అది మొదటి యంత్రం చేసినది కావడానికి సంభావ్యత ఎంత అని అడుగుతారు. పాతికేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నవాణ్ణి, ఇలాంటిది కనబడితే నా చెయ్యి ఊరుకోదు. కాఫీ చల్లారేలోపు చేసిచ్చాను. జవాబు సగానికి పైనే వచ్చింది. అమ్మాయి దాన్ని చూసి, "అయితే ఆ మొదటి మిషన్ని తీసిపారెయ్యాలా నాన్నా?" అంది. పిల్ల మామూలుగానే అడిగింది. "అక్కర్లేదమ్మా, అది అన్నిటికంటే ఎక్కువ పని చేస్తోంది కాబట్టి..." అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయాను. ఆ మాట చెప్పవలసిన మనిషి దగ్గర, చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటివరకు ఎవరికీ తెలియదు.

తొంభై ఆరు తుపానుకి ముందు ఏడాది అది. అమలాపురంలో బీఎస్సీ ముగించి, ఏ ఉద్యోగమూ దొరక్క, అంబాజీపేటలో మా మేనమామ కొబ్బరి కొట్లో గుమస్తాగా చేరాను. భోజనం, పడక వాళ్ళింట్లోనే. మామయ్య గొంతు చాలా పెద్దది. పక్కనున్న మనిషితో మాట్లాడినా కాలవ అవతలివాళ్ళు పలికేవారు. వచ్చిన ప్రతివాళ్ళకీ నన్ను "మా మేనల్లుడండి, స్టాటిస్టిక్స్" అని పరిచయం చేసేవాడు. స్టాటిస్టిక్స్ అంటే ఉద్యోగమో, ఊరో, ఏదైనా జబ్బో తెలియక వాళ్ళు మర్యాదగా తలూపేవారు. నేను మాత్రం ఆ మాటకి లోలోపల ఉబ్బిపోయేవాణ్ణి. ఉద్యోగం లేని చదువుకి అంతకంటే మన్నన ఎక్కడ దొరుకుతుంది?

ఆ కొట్లో ముఖ్యమైన సరుకు కురిడీ. తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. బాగా ముదిరిన కాయల్ని పీచుతో సహా అటక మీద పోసి, తొమ్మిది పది నెలలు కదపకుండా ఉంచుతారు. లోపలి నీళ్ళు మెల్లగా ఇగిరిపోతాయి. కొబ్బరి చిప్పను వదిలి, ఎండి, గుండ్రంగా ఒక గుడ్డులా మిగులుతుంది. ఉత్తరాదివాళ్ళకి పెళ్ళికైనా పూజకైనా ఆ గుడ్డు కావాలి. చిక్కేమిటంటే, పైకి అన్ని కాయలూ ఒక్కలాగే ఉంటాయి. ఏది తయారైందో, ఏది ఇంకా పచ్చిగా ఉందో, ఏది లోపల కుళ్ళిందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పీచు వలిచాక ఒక్కొక్క కాయనీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినాలి. తయారైన కాయ గటగటమంటుంది. పచ్చిదైతే నీళ్ళు కదులుతాయి. చెడిపోయిన కాయ మూగగా ఉంటుంది, లేదంటే మొద్దుగా ఒక్క దెబ్బ కొట్టి ఊరుకుంటుంది. అటక దించిన రోజుల్లో ఆ కొట్లోకి అడుగుపెడితే పాతనూనె, పొగ, ఎండిన పీచు కలిసిన ఒక వాసన చొక్కాకి పట్టుకుని రెండు రోజులు వదిలేది కాదు.

కాయలు ఊపి ఏరేవాళ్ళు మా కొట్లో ముగ్గురు. మొదటివాడు పెద్దాయన. అరవై దాటిన మనిషి. మా తాతగారి రోజుల నుంచీ అక్కడ పరిచిన గోనెపట్టా మీదే కూర్చున్నాడు. అందరూ పెద్దాయన అనేవారు, నేను తాతా అనేవాణ్ణి. రెండో మనిషి నలభై ఏళ్ళావిడ, నోరు గట్టిది, చెయ్యి నెమ్మది. మూడో మనిషి మా అత్తయ్య తమ్ముడు. వ్యాపారం నేర్చుకోవడానికి వచ్చాడని పేరు. చెవితో చేసే పనికి కూర్చుంటూ పక్కన ట్రాన్సిస్టర్ పెట్టుకుని క్రికెట్ వినేవాడు. ఆట రంజుగా ఉన్నప్పుడు ఆయన ఊపిన కాయలన్నీ తయారైన కాయలే.

ఎవరు పాసు చేసిన కాయ మీద వాళ్ళు గుర్తు పెట్టడం మా కొట్టు ఆనవాయితీ. పెద్దాయన పక్కన సున్నం డబ్బా ఉండేది. వేలి కొసతో చిప్ప మీద ఒక చుక్క. ఆవిడది బొగ్గు గీత. అత్తయ్య తమ్ముడు ఎర్ర రంగుతో తన పేరులో మొదటి అక్షరం రాసేవాడు, అదీ ఇంగ్లీషులో. అటక దించిన రోజున మొదటి కాయ పెద్దాయన చేతిలో పెట్టడం మరో ఆనవాయితీ. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, కళ్ళు మూసుకుని ఊపి, "ఆయ్, పలికిందండి" అనేవాడు. ఆ మాట వచ్చేదాకా మామయ్య అంతటివాడు కూడా నోరు మెదిపేవాడు కాదు. పెద్దాయన పనిచేస్తుంటే చూడటం నాకిష్టం. కాయ చెవి దాకా వెళ్ళి వచ్చేదే తప్ప అక్కడ ఆగినట్టు కనిపించేది కాదు. మిగతా ఇద్దరూ కలిసి మూడు బుట్టలు నింపేలోపు ఆయన ఆరు నింపేవాడు. పక్క కొట్లవాళ్ళు కూడా అనుమానం కాయలుంటే పట్టుకొచ్చి ఆయనచేత ఊపించుకునేవారు. ఆ మనిషికి ఉన్న ఆస్తి, హోదా, ఊళ్ళో మాట, అన్నీ ఆ చెవే.

ఒక అటక సరుకు వెళ్ళిన కొన్నాళ్ళకి, దాన్ని కొన్న ఉత్తరాది షావుకారు మనిషి ఒక గోనెసంచి తెచ్చి మామయ్య ముందు గుమ్మరించాడు. వాళ్ళ షెడ్డులో కొట్టినప్పుడు చెడ్డవిగా తేలిన కాయల చిప్పలవి. నలభై కాయలు. "ఇలాగైతే వచ్చే అటక వేరే కొట్లో చూసుకుంటామండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. మామయ్య గొంతు ఆ రోజు కాలవ దాటి ఎంత దూరం పోయిందో చెప్పలేను. "ఎవరి చెయ్యిరా ఇది? ఒరేయ్ అల్లుడూ, ఇన్ని చదువులు చదివావు, తేల్చు!" అన్నాడు.

తేల్చడానికే పుట్టినవాడిలా నేను లేచాను. చిప్పలన్నీ గుర్తుల్ని బట్టి మూడు కుప్పలు వేశాను. సున్నం చుక్కవి ఇరవై నాలుగు. బొగ్గు గీతవి పది. ఎర్ర అక్షరంవి ఆరు. మామూలుగా అయితే ఆ మూడు అంకెలు చెప్పి ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. గోడకున్న నల్లబోర్డు తుడిచి, అందరినీ పిలిచి, పాఠం చెప్పాను. "ఒక కాయ మీద ఒకే గుర్తు ఉంటుంది. చుక్క ఉందంటే గీత ఉండే సంభావ్యత సున్నా, గీత ఉందంటే చుక్క ఉండే సంభావ్యత సున్నా. వీటిని పరస్పర వివర్జిత ఘటనలు అంటారు. కాబట్టి ఒకరి తప్పు ఇంకొకరి ఖాతాలో పడే ప్రమాదం లేదు. ఇప్పుడు, కాయ చెడ్డదని తెలిశాక, అది ఎవరి చేతిది అన్నది ప్రశ్న. నలభైలో ఇరవై నాలుగు. అంటే అయిదింట మూడు వంతులు తాతదే." బోర్డు మీద నియత సంభావ్యత సూత్రం, అంటే షరతు పెట్టి కట్టే లెక్క, కూడా రాశాను. కింద రెండు గీతలు కొట్టాను. మామయ్య నావైపు చూసిన చూపులో ఉన్న గర్వం నాకిప్పటికీ గుర్తుంది. గుర్తున్నందుకే సిగ్గు.

పెద్దాయన లేచి వచ్చాడు. చుక్కల కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఒక చిప్ప తీసి, బొటనవేలితో ఆ సున్నాన్ని తడిమి, "నా చుక్కేనండి" అన్నాడు.

మాట్లాడింది బొగ్గు గీత ఆవిడ. చీర కొంగు నడుముకి దోపుకుని, "ఏవండీ అబ్బాయిగారూ, ఓ మాటడుగుతాను. రోజుకి వందట్లు పోసేదానికి నాలుగు మాడతాయి. పదట్లు పోసేదానికి రెండు మాడతాయి. మాడినయ్యన్నీ ఓ సోట పెట్టి సూత్తే ఎవరియ్యి ఎక్కువుంటాయండి? వందట్లు పోసిందానియ్యే కదండీ! అలాగని దాన్ని పొయ్యి కాణ్ణించి లేపేత్తారేటండి?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "అట్ల లెక్క వేరు పిన్నీ, ఇది స్టాటిస్టిక్స్" అన్నాను. "ఆయ్, అలాగాండి. మాకేం తెలుత్తాయిలెండి, అట్లు తినేవోళ్ళం" అని ఆవిడ తన పట్టా మీదికి పోయి కూర్చుంది. మూడేళ్ళు పుస్తకాల్లో చదివి నేను అందుకోలేని లెక్కని ఆవిడ పొయ్యి దగ్గర అందుకుంది. ఆవిడ నోటినుంచి వచ్చింది కాబట్టి అది నాకు వేళాకోళంలా వినబడింది.

మామయ్య గొంతు తగ్గించి, ఆ కొట్లో నేను వినగా మొదటిసారి తగ్గించి, "పెద్దాయనా, వయసొచ్చింది కదా. కొన్నాళ్ళు పీచు కట్టల దగ్గర కూర్చో. కూలికేం తేడా రాదు" అన్నాడు. పెద్దాయన "ఆయ్" అన్నాడు. అంతే. లేచి, సున్నం డబ్బా మూత పెట్టి, అలమరలో పైఅరలో పెట్టాడు. మర్నాటినుంచి ఆయన చోట అత్తయ్య తమ్ముడు కూర్చున్నాడు, ట్రాన్సిస్టర్‌తో సహా.

నాలుగైదు రోజులకి, ఆ అటక లెక్కలు శుభ్రంగా రాసిపెడుతుంటే, ఎవరు మొత్తం ఎన్ని కాయలు పాసు చేశారో రాసిన కాగితం నా చేతికొచ్చింది. నేనే రాసినది. కాయలు లెక్కపెట్టేటప్పుడు నూటికొక కాయ పక్కన పెడతారు, ఆ పక్క కాయల్ని చూసి రోజూ నేనే దించుకున్నాను. పెద్దాయనవి ఆరువేలు. ఆవిడవి రెండువేలు. అత్తయ్య తమ్ముడివి వెయ్యి. కలం అలాగే ఆగిపోయింది. ఆరువేలకి ఇరవై నాలుగు, వెయ్యికి నాలుగు. రెండువేలకి పది, వెయ్యికి అయిదు. వెయ్యికి ఆరు, అది ట్రాన్సిస్టర్ చెవి. ముగ్గురిలో అందరికంటే మంచి చెవి పెద్దాయనదే. నేను బోర్డు మీద రాసినదాంట్లో అంకె తప్పు కాదు. కాయ చెడ్డదైతే అది ఎవరిది అన్న ప్రశ్నకి జవాబు అయిదింట మూడే. కానీ అక్కడ అడగవలసిన ప్రశ్న అది కాదు. ఆయన పాసు చేసిన కాయ చెడ్డదయ్యే అవకాశం ఎంత అన్నది అడగాలి. షరతు ఎటువైపు పెట్టాలో తెలియకుండా నేను ఒక మనిషిని పట్టా మీదనుంచి లేపేశాను.

ఆ క్షణం లేచి వెళ్ళి చెప్పి ఉంటే ఇది ఒక నవ్వుకునే కథ అయ్యేది. వెళ్ళలేదు. చెబితే చెడ్డ చెవి అత్తయ్య తమ్ముడిదని బయటపడుతుంది, నేను అత్తయ్య చేతి అన్నం తింటున్నాను అనుకున్నాను. అది సాకు. అసలు సంగతి, మామయ్య కళ్ళలో చూసిన ఆ గర్వాన్ని పోగొట్టుకోలేకపోయాను. నా పరువు నిలవడం, ఆయన పరువు నిలవడం అనేవి ఒకే కాయ మీద పడలేని రెండు గుర్తులని ఆ వయసులో గట్టిగా నమ్మాను. కాగితం మడిచి పుస్తకంలో పెట్టేశాను.

ఆ వారంలోనే పెద్దాయన నా దగ్గరకొచ్చాడు. పక్క కొట్లవాళ్ళు కాయలు తేవడం అప్పటికే మానేశారు. టీ కొట్టు దగ్గర "పెద్దాయనకి చెవి పోయిందంట" అన్న మాట నేనూ విన్నాను. "అబ్బాయిగారూ, అమలాపురంలో చెవుల డాక్టరుగారు ఉన్నారంటండి. నాకు అక్కడ మాట్టాడ్డం తెలీదు. ఓపాలి మీరు తోడొత్తారేంటండి?" అని అడిగాడు. నేను సరే అన్నాను. ఆ సరే అన్నప్పుడు నాకు అన్నీ తెలుసు.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. చలవ పంచె, తలకి నూనె, పెళ్ళికి వెళ్తున్నట్టు తయారయ్యాడు. దారి పొడుగునా కొబ్బరితోటలు చూస్తూ, ఏ తోట కాయ అటకకి బాగా నిలుస్తుందో, ఏ తోట కాయకి పెంకు పల్చనో నాకు చెబుతూ వచ్చాడు. ప్రతి ఊరు దాటినప్పుడూ ఇక్కడ చెప్పేద్దాం అనుకున్నాను. అమలాపురం వచ్చేసింది.

డాక్టరుగారు రెండు కొమ్ములున్న ఒక ఇనపపుల్లని తన మోకాలికి కొట్టి ఆయన చెవి దగ్గర పెట్టారు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు, మొదటి కాయ ఊపినప్పటిలాగే. "బాగా తయారైన కాయలా మోగిందండి" అన్నాడు. దూరం జరిపారు, ఇంకా దూరం జరిపారు, గది చివరినుంచి గుసగుసగా మాట్లాడారు. అన్నీ విన్నాడు. డాక్టరుగారు నవ్వి, "ముప్పై ఏళ్ళ కుర్రాడికి ఉండవలసిన చెవులండీ ఇవి. ఎవరన్నారు బాగాలేవని?" అన్నారు. పెద్దాయన నావైపు చూడలేదు. చూస్తాడేమోనని నేను తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను.

బస్టాండులో ఒక సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన చేతులు చూసుకుంటూ అన్నాడు: "సెవి బాగుందంటున్నారు డాక్టరుగారు. లెక్కేమో తప్పదు గదండీ, మీరు అదంతా బోర్డు మీద ఏసి సూపించేరు. అంటే సెడ్డది సెవి కాదండి. నాలోనే ఏదో తేడా వచ్చింది. మనసు నిలవట్లేదు కావాల్ను."

తన చెవిని నమ్మడం మానేసి నా లెక్కని నమ్మాడు. అప్పుడైనా నోరు విప్పాలి. "టీ తాగుదామా తాతా?" అన్నాను.

పై ఏడాది తుపాను వచ్చింది. తోటలకి తోటలే పడుకున్నాయి. అటక ఎక్కించడానికి కాయలే లేవు. కొట్టు ఉండీ లేనట్టయింది. నాకు టీచరు ఉద్యోగం వచ్చి మన్యం వైపు వెళ్ళిపోయాను. పెళ్ళి, పిల్లలు, బదిలీలు. ఉత్తరం రాద్దామనుకుంటే ఆయనకి చదువు రాదు, ఇంకొకరు చదివి వినిపించాలి. ఈసారి వెళ్ళినప్పుడు చెబుదాం అనుకుంటే, వెళ్ళినప్పుడల్లా పనులుండేవి. తప్పించుకోవాలనుకునే మనిషికి పనులు బాగా దొరుకుతాయి.

తొమ్మిదేళ్ళ తరవాత మామయ్య కొట్టు ఎత్తేస్తున్నాడని తెలిసి అంబాజీపేట వెళ్ళాను. బొగ్గు గీత ఆవిడ వాకిట్లో కనబడింది. జుట్టు నెరిసింది, నోరు అలాగే ఉంది. "బాగున్నారా అబ్బాయిగారూ! అట్ల లెక్క ఇంకా గుర్తుందాండి?" అంది. గుర్తుంది పిన్నీ, నువ్వు చెప్పినదే రైటు అన్నాను. ఆవిడ నవ్వలేదు. "ఆ మాట నాకెందుకండి? పెద్దాయన కాలవగట్టు మీదే ఉన్నారు, ఆ ఇంట్లోనే. ఎల్లి సెప్పండి" అంది.

వెళ్ళాను. పెద్దాయన అరుగు మీద కూర్చుని చీపురికి కొబ్బరాకు ఈనెలు చీరుతున్నాడు. బాగా వంగిపోయాడు. నన్ను గొంతు వినే గుర్తుపట్టాడు. కింద కూర్చుని చెప్పాను. ఆరువేలకి ఇరవై నాలుగు తాతా, వెయ్యికి నాలుగు. బొగ్గు గీత పిన్నికి అయిదు, అత్తయ్య తమ్ముడికి ఆరు. అందరిలో నీదే మంచి చెవి. తప్పు లెక్క వేసింది నేను. ఆయన కత్తి ఆపి అంతా విన్నాడు. తరవాత ఒకటే అడిగాడు.

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసిందండి? మనం అమలాపురం ఎల్లకముందా, ఎల్లొచ్చేకా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "ముందే తాతా" అన్నాను.

గుమ్మంలో నిలబడి వింటున్న ఆయన భార్య బయటికొచ్చింది. "తెలిసుండి తీసుకెళ్ళేరా బాబూ? తెలిసుండే? ఈ మనిషి ఆ రోజునించి సరిగ్గా కూడు తిన్నాడేంటండి! నిద్దట్లో కూడా సేత్తో ఊపుకునీవోడు. ఇప్పుడొచ్చి సెప్తే మేవేం సేసుకోవాలి ఈ మాటని?" అంది.

"ఊరుకోవే, ఇంటికొచ్చిన మనిషి" అన్నాడు పెద్దాయన. కాసేపు ఈనె చీరాడు. మళ్ళీ ఆపి, నన్ను నిందిస్తున్నట్టు కాకుండా, తనలో తను ఏదో సరిచూసుకుంటున్నట్టు అన్నాడు: "ఇంట్లో దీపం కాడికి కాయ కావాలన్నా మా ఇంటిదాన్నే ఊపి సూడమనీవోణ్ణండి. తొమ్మిదేళ్ళూ నేను కాయ సెవి దగ్గర పెట్టుకోలేదు. భయమేసేదండి, ఏటి ఇనపడుద్దోనని."

మజ్జిగ తాగి వెళ్ళమన్నాడు. ఆయన భార్యే తెచ్చి ఇచ్చింది, నా మొహం చూడకుండా. తాగాను. క్షమించమని అడిగాను, ఆయన "ఆయ్" అన్నాడు. అది క్షమించడమో, విన్నాననడమో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ తరవాత రెండేళ్ళకే ఆయన పోయాడు.

నిజం చెప్పడానికి ధైర్యం కూడదీసుకుంటున్నానని నేను అనుకున్న కాలమంతా ఆయన వయసులోంచి ఖర్చయింది. అందులో ఒక్క రోజు కూడా నేను తిరిగి ఇవ్వగలిగేది కాదు.